ఇరవై రెండో రోజు

చిక్కుడుకాయలకి ఈనెలు తీసేటప్పుడు చేతులకి పని ఉంటుంది, నోటికి ఉండదు. అందుకే చాలా ఇళ్ళల్లో దాచుకున్న మాటలు చేట ముందే బయటపడతాయి.

డిసెంబరు నెల, సాయంత్రం. విజయవాడ పటమటలో ఒక పాత డాబా ఇల్లు. అత్తగారు ముక్కాలిపీట మీద, కోడలు గడపకి చేరగిలబడి నేల మీద. అత్తగారు ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో నేచురల్ సైన్స్ చెప్పి రిటైరైన మనిషి. ఆ ఇంట్లో దేవుడి గూడు లేదు. గూడు ఉండాల్సిన చోట పుస్తకాల బీరువా ఉంది. కోడలు లలిత వన్‌టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ షాపులో అకౌంట్లు చూస్తుంది. నిన్నటితో ఆమె భవానీ దీక్షకి ఇరవై ఒక్క రోజులు నిండాయి. తెల్లవారుజామునే ఇంద్రకీలాద్రి చుట్టూ గిరి ప్రదక్షిణ చేసి, దుర్గమ్మ దర్శనం చేసుకుని, ఇరుముడి అప్పగించి, మాల తీయించుకుని వచ్చింది. దండెం మీద రెండు ఎర్రచీరలు ఆరుతున్నాయి. ఎనిమిదేళ్ళ పిల్లాడు వీధిలో క్రికెట్ ఆడుతున్నాడు.

అత్త: కాళ్ళు ఇటు చాపు, చూస్తాను. పగిలాయా?

కోడలు: కొంచెం. ఏం కాదులెండి అత్తయ్యా.

అత్త: రాత్రికి కొబ్బరినూనె రాసుకో. ఇరవై ఒక్క రోజులు చెప్పుల్లేకుండా వన్‌టౌన్ అంతా తిరిగావు. నేను ఒక్క మాట అనలేదు, గుర్తుపెట్టుకో.

కోడలు: అనలేదు. ఒక్కసారి కూడా భవానీ అని పిలవనూ లేదు. మీ మనవడు పిలిచాడు, ఆటోవాళ్ళు పిలిచారు, చివరికి మా షాపు సేఠ్ పిలిచాడు. మీరే, లలితా అంటే లలితా.

అత్త: లలిత మాత్రం ఎవరి పేరనుకున్నావ్? అదీ అమ్మవారి పేరే. చాలదూ?

కోడలు: మాటలో మిమ్మల్ని ఎవరు గెలుస్తారు.

అత్త: గెలవడానికి కాదు. దీక్షలో ఉన్న మనిషితో తర్కించడం మర్యాద కాదని నోరు కట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు అయిపోయింది కనక అడుగుతున్నాను. ఎందుకు వేసుకున్నావ్?

కోడలు: మీకు తెలుసు.

అత్త: తెలుసు. నీ నోట విందామని.

కోడలు: అక్టోబరు ఇరయ్యో తారీఖు. జీఎస్టీ రిటర్ను వెయ్యాల్సిన ఆఖరి రోజు. సర్వరు తిరిగీ తిరక్కుండా చచ్చింది. ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. వాడు పాలగ్లాసు తీసుకొచ్చి నేను తెచ్చుకున్న కాగితాల మీద ఒలకబోశాడు. నా చేతిలో అట్లకాడ ఉంది.

అత్త: వేడిది కాదు.

కోడలు: వేడిది కాదు. అయినా తేలింది. మర్నాడు స్నానం చేయిస్తుంటే వీపు మీద రెండు గీతలు. వాడేం అనలేదు అత్తయ్యా. నేను సబ్బు పెట్టబోతే ఒళ్ళు ముడుచుకున్నాడు. అంతే. నేను చెయ్యి ఎందుకు చాపానో వాడికి తెలియలేదు.

అత్త: ఇక మీదట కొట్టనని అనుకుంటే సరిపోయేది కదా? దానికి మాలెందుకు, ఎర్రచీరలెందుకు, చన్నీళ్ళెందుకు?

కోడలు: అనుకోలేదంటారా? ప్రతి ఒకటో తారీఖున అనుకున్నాను. ఉగాదికి అనుకున్నాను, వాడి పుట్టినరోజుకి అనుకున్నాను. మనసులో అనుకున్నది మనసులోనే మాసిపోతుంది. మెడలో మాల పడ్డాక అలా కాదు. పదిమంది చూస్తుంటారు.

అత్త: అంటే పదిమంది భయం.

కోడలు: భయమే అనుకోండి. తప్పా?

అత్త: తప్పని కాదు. దాన్ని భక్తి అని పిలవడం తప్పు. దీక్షలో ఆ పద్నాలుగో రోజు సంగతి చూడు. నువ్వు ఆ రోజు చెయ్యి ఎత్తావు.

కోడలు: ఎత్తాను. నా ఫోను బకెట్లో పడేశాడు. చెయ్యి దానంతటదే లేచింది. వాడు గోడకి జరిగి, "భవానీ, కొట్టకూడదు కదా" అన్నాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ తల్లి ఆపింది.

అత్త: తల్లి ఎక్కడ ఆపింది? నేను ఈ గుమ్మంలోనే ఉన్నాను, నాకేం కనిపించలేదు. ఆపింది ఆ పిల్లాడి మాట. విన్నది నువ్వు. మీ ఇద్దరి గొప్పతనాన్ని తీసుకెళ్ళి కొండ మీద జమ కట్టొచ్చావు. అకౌంట్లు రాసేదానివి, ఎవరి జమ ఎవరి ఖాతాలో వెయ్యాలో నీకు తెలియదూ?

కోడలు: వాడికి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి మరి. నవంబరులో ఆ మాట వాడి నోట్లో లేదు కదా.

అత్త: సరే, ఒక సంగతి చెప్తాను. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు నిప్పుల మీద నడిచాను.

కోడలు: మీరా!

అత్త: నేనే. నాస్తిక కేంద్రం వాళ్ళు ఏర్పాటు చేశారు. దాన్ని పెట్టిన గోరా గారు అప్పటికి ఉన్నారు, 1975లో పోయారు. 1940లో ముదునూరులో మొదలుపెట్టిన కేంద్రాన్ని 1947లో విజయవాడకి మార్చారు. వృక్షశాస్త్రం లెక్చరరుగా ఉంటే, దేవుడు లేడన్నందుకు కాకినాడ కాలేజీలో ఉద్యోగం తీసేశారు. ఆయన భార్య సరస్వతమ్మ గారైతే కడుపుతో ఉండి గ్రహణం వేళ బయటికొచ్చిన మనిషి. ఆ రోజుల్లో జాతరల్లో పూనకం వచ్చినవాళ్ళు నిప్పులు తొక్కితే, అమ్మవారి మహిమ అనేవాళ్ళు. మహిమేమీ లేదని చూపించడానికి మేమూ తొక్కాం. కట్టెబొగ్గు వేడిని మెల్లగా వదులుతుంది. అడుగు పడి లేచేలోపు పాదానికి ఎక్కే వేడి తక్కువ. అదే ఇనప పెనమైతే ఒక్క అడుగుకే తోలు ఊడొస్తుంది. ఇది సైన్సు. ఏ దేవత పేరూ తలవకుండా నడిచాను. బొబ్బ కూడా రాలేదు.

కోడలు: భయం వెయ్యలేదా?

అత్త: ఎందుకు వెయ్యలేదు? మొదటి అడుగుకి ముందు గొంతు ఎండిపోయింది. బొగ్గు సంగతి పుస్తకంలో చదివాను, రెండుసార్లు అప్పజెప్పాను కూడా. కాళ్ళు మాత్రం కదల్లేదు.

కోడలు: మరి ఎలా కదిలాయి?

అత్త: నా ముందు ఒకమ్మాయి నడిచింది. వెనక నుంచి ఎవరో, పదమ్మా పద అన్నారు.

కోడలు: చూశారా! మీకూ సైన్సు సరిపోలేదు. ముందొక మనిషి, వెనకొక మనిషి కావాల్సొచ్చారు. గిరి ప్రదక్షిణలో నాకు జరిగిందీ అదే. చీకట్లో, ఎర్రచీరల వరుసలో, ముందున్న ముసలమ్మ అరికాళ్ళు చూస్తూ నడిచాను. ఆవిడే నడుస్తుంటే నాకేమొచ్చింది అనుకున్నాను.

అత్త: సరిగ్గా అదే నేననేది. రెండు చోట్లా మనుషులే ఉన్నారు. నా దగ్గర దేవత లేకుండానే ఆ పని జరిగింది. అంటే ఆ లెక్కలో దేవత అదనం. తీసేసినా మొత్తం మారదు.

కోడలు: మీరు ఒక్క సాయంత్రం నడిచారు అత్తయ్యా. ఆ మనుషులు మీతో రోజూ తెల్లారగట్ల నాలుగింటికి లేచారా? దుర్గమ్మ పేరు లేకపోతే ఆ లక్షల మంది డిసెంబరు చలిలో అక్కడ చేరతారా? మీరు చెప్పే అదనం తీసేస్తే వరుసే ఉండదు.

అత్త: చేరతారు, పని కోసం చేరతారు. మీ బాపట్ల పక్కనే ఉందిగా స్టువర్టుపురం. హేమలతా లవణం గారు అక్కడ చేసినదాంట్లో దేవుడున్నాడా? గుర్రం జాషువా గారి కూతురు, గోరా గారి కోడలు. భార్యాభర్తలిద్దరూ 1970ల్లో దొంగలని ముద్రపడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళారు, జైళ్ళకి వెళ్ళారు. ఎంతమంది బతుకులు దారికొచ్చాయి! ఒక్క దండం లేదు, ఒక్క హారతి లేదు.

కోడలు: మా ఊరి పక్కది కనక నాకూ కొంత తెలుసు. 1913లో ఆ ఊరు కట్టించిందే సాల్వేషన్ ఆర్మీ. పొద్దున లేస్తే ప్రార్థన చేసేవాళ్ళే. అక్కడ దేవుడు మీకంటే అరవయ్యేళ్ళు ముందే వచ్చాడు.

అత్త: వచ్చాడు, పక్కన పోలీసుని వెంటబెట్టుకుని వచ్చాడు. అది నేరస్థ జాతుల చట్టం కింద కట్టిన సెటిల్మెంటు. ఎరుకల ఇంట్లో పుట్టడమే నేరం. పూటపూటా హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా పొలిమేర దాటకూడదు. స్వతంత్రం వచ్చేనాటి దాకా ఆ చట్టం ఉంది. ముప్ఫై ఏళ్ళ పైనే ప్రార్థనా, హాజరూ రెండూ నడిచాయి. ముద్ర పోయిందా?

కోడలు: పోలేదు. ఇప్పటికీ ఆ ఊరి పేరు చెబితే సంబంధాలు వెనక్కిపోతాయి. కానీ అది ప్రార్థన తప్పా, హాజరు తప్పా?

అత్త: రెంటినీ కలిపి కట్టడం తప్పు. పైనుంచి ఒకడు చూస్తున్నాడు, జాగ్రత్త అని మనిషిని మార్చడం. పోలీసు చూసినా, దేవుడు చూసినా లాఠీ ఒకటే. చూసేవాడు తల తిప్పగానే పాత మనిషి బయటికొస్తాడు. మన ఎదురింటి ఆటో అతన్ని చూడరాదూ? ఏటా అయ్యప్ప మాల వేస్తాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. శబరిమల నుంచి రైలు దిగిన రాత్రే మళ్ళీ సీసా. పద్దెనిమిది మెట్లెక్కి, ఏం ఎదిగినట్టు?

కోడలు: అతని సంగతి మీరన్నారు. వాళ్ళావిడ సంగతి నేను చెప్తాను. మొన్న కుళాయి దగ్గర అడిగాను. ఆ నలభై ఒక్క రోజులూ నేను తలుపు గడియ పెట్టుకోకుండా పడుకుంటానక్కా అంది. ఏడాదికి నలభై ఒక్క రాత్రులు. మీకవి సున్నా. ఆవిడకి సున్నా కాదు.

అత్త: ...కాదు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ మిగతా మూడొందల ఇరవై నాలుగు రాత్రుల సంగతి కూడా ఆవిడనే అడుగు.

కోడలు: అడగక్కర్లేదు. వినపడుతూనే ఉంటుంది కదా.

(కాసేపు చిక్కుడుకాయల చప్పుడే.)

అత్త: ఇంకొకటి అడుగుతాను, ఏమనుకోకు. అందరూ మండల దీక్ష, నలభై ఒక్క రోజులు వేస్తారు. నువ్వు అర్ధమండలం, ఇరవై ఒక్క రోజులే ఎందుకు వేశావ్?

కోడలు: అదీ మీకు తెలుసు. నెల లెక్క చూసుకున్నాను. నలభై ఒక్క రోజులైతే మధ్యలో వచ్చేస్తుంది.

అత్త: అమ్మవారి కొండకి వెళ్ళడానికి ఆడదాని ఒంటి లెక్క అడ్డం. అస్సాంలో కామాఖ్య అమ్మవారికి ఏడాదికోసారి అదే వచ్చిందని మూడు రోజులు గుడి మూసి, నాలుగో రోజు పండగ చేస్తారు. దేవతకైతే ఉత్సవం, నీకైతే మైల. దీనికి నీ దగ్గర సమాధానం ఉందా?

కోడలు: లేదు. నాకూ నచ్చదు. క్యాలెండరు ముందు నిలబడి వేళ్ళు మడుస్తుంటే సిగ్గేసింది కూడా. అయినా వేసుకున్నాను. అద్దె ఇంట్లో కప్పు కారుతుంటే తిట్టుకుంటాం, వర్షం వచ్చినప్పుడు ఆ ఇంట్లోకే పరిగెడతాం.

అత్త: సొంత ఇల్లు కట్టుకోవచ్చు.

కోడలు: మీరు కట్టుకున్నారు. అందరికీ ఆ స్థోమత ఉండద్దూ? చలంగారికే లేకపోయింది.

అత్త: అదిగో, చలాన్ని తీశావా!

కోడలు: మీ బీరువాలో పై అర నిండా ఆయన పుస్తకాలే కదా. పెళ్ళిని తిట్టాడు, గుడిని తిట్టాడు, నీతిని తిట్టాడు. 1950లో అన్నీ వదిలేసి అరుణాచలం వెళ్ళి, రమణాశ్రమం పక్కనే ఉండిపోయాడు. అక్కడే 1979లో పోయాడు. అంతటివాడికి చివరికి ఒక కొండ కావాల్సొచ్చింది.

అత్త: అది నాకిప్పటికీ మింగుడుపడదు. అప్పట్లో మా ఫ్రెండ్స్ ఇద్దరు ఆ పుస్తకాలు కాల్చేస్తామన్నారు. నేను కాల్చలేదు. ఒకటి మాత్రం చెప్తాను. చలం వెతికాడు, అందులో మోసం లేదు. దొరికిందని ఆయన అన్నంత మాత్రాన నాకు దొరికినట్టు కాదు. సరే, నిజం చెప్పు లలితా. మొహమాటం వద్దు. కొండ మీద అమ్మవారు వింటుందనే నమ్మకం నీకుందా?

కోడలు: (చేతిలో కాయ చేటలో వేసి) క్యూలో ఉన్నప్పుడు ఉంటుంది. షాపులో బిల్లుల ముందు కూర్చున్నప్పుడు గుర్తే ఉండదు. ఇవాళ పొద్దున అమ్మవారి ఎదురుగా రెండు సెకన్లు నిలబడ్డాను. జరగండమ్మా జరగండి అని తోస్తూనే ఉన్నారు. ఏం అడగాలో ముందు రోజు రాత్రి అంతా అనుకున్నాను. ఆ రెండు సెకన్లలో ఏమీ గుర్తురాలేదు. వాడి వీపు కనిపించింది. క్షమించమ్మా అన్నాను. బయటపడ్డాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

అత్త: క్షమాపణ అడగాల్సింది అక్కడ కాదు, వీధిలో బ్యాటు పట్టుకున్నాడే, వాణ్ణి.

కోడలు: అడిగాను అత్తయ్యా. ఆ మర్నాడే అడిగాను. సరేలే అమ్మా అన్నాడు. అంత తొందరగా అన్నాడు! వాడేం చేస్తాడు, సరే అనక? వాడికి ఇంకో అమ్మ ఉందా? కాదనే వీలు లేనివాణ్ణి క్షమించమని అడిగితే అది క్షమాపణ ఎలా అవుతుంది? నాకు, నన్ను కాదనగలిగే మనిషి ఎదురుగా నిలబడాలనిపించింది. నాకంటే పెద్దది, నన్ను చూసి తల తిప్పుకోగలిగేది. ఇంట్లో వాడి ముందు నేనే కొండంత ఉన్నాను. కొండ కింద నిలబడితేనే నేనెంతో తెలిసింది.

(అత్తగారు ఈనె తీస్తున్న కాయని అలాగే పట్టుకుని కాసేపు ఊరుకుంది.)

అత్త: ఇది నాకు తట్టలేదు.

కోడలు: ఏది?

అత్త: కాదనే వీలు లేనివాడని అన్నావే, అది. ఇందాకటి నుంచి నేను నీ మనసులో ఏం మారిందని వెతుకుతున్నాను. మారింది మనసు కాదు. ఆ పద్నాలుగో రోజు మళ్ళీ గుర్తు చేసుకో. మామూలు రోజున వాడు నిన్ను, అమ్మా కొట్టకూడదు కదా అనగలడా?

కోడలు: అంటే ఇంకో రెండు పడేవి.

అత్త: అదీ! మాలలో ఉన్నప్పుడు అనగలిగాడు. అమ్మకి ఎదురుచెప్పలేని పిల్లాడు, భవానీకి ఆమె నియమం గుర్తు చేయగలిగాడు. ఆ ఇరవై ఒక్క రోజులూ వాడికి నీ మీద ఒక అధికారం వచ్చింది. పైనుంచి వేసే హాజరు కాదిది, కిందనుంచి వేసే హాజరు. స్టువర్టుపురంలో ముప్ఫై ఏళ్ళ పైనే ఆ హాజరు పోలీసు చేతిలో ఉంది. నీ పుస్తకం నువ్వే తీసుకెళ్ళి ఎనిమిదేళ్ళ పిల్లాడి చేతిలో పెట్టావు. నీ దీక్షలో నాకు నచ్చిన సంగతి ఏదన్నా ఉంటే అది.

కోడలు: నేనంత ఆలోచించి పెట్టలేదు. కానీ నిజమే. షాపులోనూ అదే జరిగింది. సేఠ్ రోజూ, ఏయ్ లలితా, ఆ ఫైలు అనేవాడు. ఈ ఇరవై ఒక్క రోజులూ, భవానీ, కొంచెం ఆ ఫైలు అన్నాడు. ఒకరోజు గుమాస్తా కుర్రాణ్ణి బండబూతులు తిట్టబోయి, నన్ను చూసి మింగేశాడు. మాల నా మెడలో ఉంటే అదుపైంది అతని నోరు.

అత్త: అందుకే అంటున్నాను, అందులో దేవత పని లేదని. హోదాలు అటూ ఇటూ మారాయి. అంతే.

కోడలు: మీరు ఎన్నిసార్లు తీసేసినా ఆవిడ పేరు మీదే కదా మారాయి. అదే పని మీ నాస్తికుల ఇళ్ళల్లో జరుగుతుందా, చెప్పండి. మామయ్యగారు ఉండగా ఈ ఇంట్లో ఆయనకి ఎవరైనా ఎదురుచెప్పారా?

(అత్తగారు బీరువా వైపు చూసింది. బీరువా పైన చనిపోయిన భర్త ఫొటో. దండ లేదు.)

అత్త: అడగాల్సిందే అడిగావు. వేదికెక్కితే మీ మామయ్యని ఓడించినవాడు లేడు. మూఢనమ్మకాల మీద రెండు గంటలు మాట్లాడితే జనం కదిలేవాళ్ళు కాదు. ఇంటికొచ్చాక కూర చల్లారిపోయిందని కంచం విసిరేసేవాడు. నేను తర్కించబోతే, నీకు తెలియదు అనేవాడు. ఆయన దేవుణ్ణి తీసేశాడు, ఆ కుర్చీ ఖాళీగా ఉంచలేదు. తనే కూర్చున్నాడు. నేను సైన్సు టీచర్ని, నిప్పులు తొక్కినదాన్ని. ఆయన్ని ఆపే మాట ఒక్కటి కూడా నా దగ్గర లేకపోయింది. పూర్తిగా లేదని ఎలా అంటాను, ఉంది. వెతుక్కోలేదు.

కోడలు: నేనలా అడిగి ఉండకూడదు అత్తయ్యా.

అత్త: అడగాలి. అడక్కపోవడం వల్లే ఆయన అలా మిగిలిపోయాడు. గోరా గారిలో నేను మెచ్చుకునేది ఆయన తర్కాన్ని కాదు. ఆ తర్కాన్ని తీసుకెళ్ళి ఇంట్లో పెట్టడాన్ని. పెద్దకూతురు మనోరమని దళిత కుర్రాడు అర్జునరావుకిచ్చి చేస్తానన్నారు, చేశారు. గాంధీగారు సేవాగ్రాంలో ఆ పెళ్ళి చేయిస్తానన్నారు. పెళ్ళి మంత్రంలో దేవుడి పేరు బదులు సత్యం అని మార్చడానికి కూడా ఒప్పుకున్నారు. ఆయన పోయాక 1948 మార్చిలో సేవాగ్రాంలోనే ఆ పెళ్ళి జరిగింది. దేవుణ్ణి నమ్మినాయనా నమ్మనాయనా ఒక మాట దగ్గర కలిశారు. ఆ మాటని ఇద్దరూ తమ మీద వాడుకోగలిగారు కనక కలిశారు.

కోడలు: అంత పెద్దాయనే పేరు మార్చుకోవడానికి ఒప్పుకున్నారన్నమాట.

అత్త: అవును.

కోడలు: మరి నన్ను భవానీ అంటే మీ సొమ్మేం పోయింది?

అత్త: (నవ్వాపుకోలేక) ఎంత దూరం నుంచి వచ్చి పట్టావే!

కోడలు: అకౌంట్లు రాసేదాన్ని. పాత బాకీ ఎక్కడున్నా పట్టుకుంటాను.

అత్త: సరే, నీ బాకీ అలా ఉంచు. నా బాకీ సంగతి చెప్పు. వాడి చేతిలో పెట్టిన ఆ హాజరు పుస్తకం ఏమైంది? మాలతో పాటు అదీ కొండ మీద ఇచ్చేసి వచ్చావా? ఎదురింటి ఆటో అతనికి పోయేది అక్కడే. నలభై ఒక్క రోజులు స్వామీ అని పిలిపించుకుంటాడు, స్వామికి తగ్గట్టు ఉంటాడు. నలభై రెండో రోజు పొద్దున భార్య అతన్ని స్వామీ అనలేదు, తాగొద్దనీ అనలేదు. దీక్ష నలభై ఒక్క రోజులదే కావచ్చు, పరీక్ష మాత్రం నలభై రెండో రోజున. నీది ఇవాళ.

కోడలు: తెలుసు. మెట్ల మీద ఏడ్చింది అందుకే అనుకుంటాను. గురుభవాని మాల తీస్తుంటే మెడ తేలికైంది. ఆ తేలిక చూసి భయమేసింది.

అత్త: మళ్ళీ ఏడాది వేసుకుంటావా?

కోడలు: వేసుకుంటాను. మీరు వద్దన్నా వేసుకుంటాను. ఆ రెండు సెకన్లు నాకు కావాలి.

అత్త: నేను వద్దనను. నమ్మమని కూడా నన్ను అడక్కు.

కోడలు: అడగను.

(గేటు చప్పుడు. పిల్లాడు ఒళ్ళంతా దుమ్ముతో వచ్చి, బ్యాటు గోడకి ఆనించి, తల్లి మెడవైపు చూశాడు.)

పిల్లాడు: మాల తీసేశావా?

కోడలు: తీసేశాను నాన్నా. పొద్దున్నే.

పిల్లాడు: అయితే ఇప్పుడు కొడతావా?

(వాడి గొంతులో భయం లేదు. రేపు స్కూలుందా అని అడిగినట్టే అడిగాడు. ఇద్దరికీ వెంటనే మాట రాలేదు.)

కోడలు: కొట్టకూడదనే అనుకున్నాను. కానీ నా చెయ్యి లేచిందనుకో, అప్పుడు నువ్వు భవానీ అను.

పిల్లాడు: మాల లేదుగా?

(కోడలు అత్తగారి వైపు చూసింది.)

అత్త: లేకపోయినా అను. నువ్వు ఇంట్లో లేకపోతే నేనంటాను.

కోడలు: అత్తయ్యా!

అత్త: దేవత ఉందని ఒప్పుకున్నట్టు కాదు.

కోడలు: తెలుసు.

అత్త: తెలిస్తే ఆ కాయలు ఇటు తే. సగానికి సగం ఈనెలు వదిలేశావు.